కొంగు కింద చెప్పిన రేటు

ముందుగా దేవునికి స్తోత్రం. మేడ్చల్ రైలు పట్టాల మీద, శామీర్‌పేట చెరువు మీద, రింగురోడ్డు పక్కన ఇంకా అమ్ముడుపోని ప్లాట్ల మీద తేడా లేకుండా పొద్దుటి వెలుతురు పరిచే తండ్రికి స్తోత్రం. కెమెరా పట్టుకున్న రోజు నుంచి నేను వాడుకుంటున్నది ఆయన వెలుతురునే. ఇంతవరకు ఆయన దానికి బిల్లు పంపలేదు. నా నోటికి రాని అంకెను నా వేళ్లతో చెప్పించినందుకు ఆయనకు ఇంకోసారి స్తోత్రం. అదెలా జరిగిందో చెబుతాను.

మా నాయిన మేడ్చల్‌లో ఒక చిన్న సంఘానికి కాపరి. రేకుల షెడ్డు, రెండు ఫ్యాన్లు, ఒక డోలక్, ఆదివారం వస్తే నిండిపోయే చాపలు. పెళ్లి జరిపించినా, సమాధి దగ్గర ప్రార్థన చేసినా, కొత్త ఇంట్లో వాక్యం చెప్పినా, మా నాయిన నోట ‘ఇంత’ అనే మాట నేను పుట్టాక వినలేదు. ఎవరైనా “అయ్యగారూ, ఎంతియ్యాలె?” అని అడిగితే ఆయన చెవులు ఎర్రబడతాయి. “మీకు తోచింది ఇయ్యిన్రి” అంటాడు. వాళ్లు ఒక కవరులో పెట్టి, పైన ‘ప్రేమ కానుక’ అని రాసి, బల్ల మీదున్న గ్రంథం కింద దోపి వెళ్లిపోతారు. వాళ్లు గేటు దాటేదాకా ఆ కవరు వైపు ఎవరూ చూడకూడదు. అది మా ఇంటి పద్ధతి. ధర అడగడం మా ఇంట్లో బూతుమాట కన్నా కొంచెం మాత్రమే నయం.

ఆ ఇంట్లో పెరిగిన నేను ఫోటోలు తీయడం నేర్చుకున్నాను. డిగ్రీ అయ్యాక ట్యూషన్లు చెప్పి, ఆ డబ్బుతో పాత కెమెరా ఒకటి కొన్నాను. సంఘంలో బాప్తిస్మాలు, క్రిస్మస్ నాటకాలు, పెళ్లిళ్లు, అన్నీ నేనే తీశాను. ఎంతివ్వాలని అడిగితే నా చెవులు కూడా ఎర్రబడేవి. “మీకు తోచింది ఇవ్వండి” అనేదాన్ని. జనానికి సాధారణంగా తోచేది గోడ గడియారం. మా ఇంట్లో అలాంటివి నాలుగున్నాయి, నాలుగూ నా సంపాదనే. నాలుగూ నాలుగు టైములు చూపిస్తాయి కాబట్టి ఆరాధనకు బయలుదేరేటప్పుడు అమ్మ తన ఫోనే చూసుకుంటుంది.

ఒకసారి గండిమైసమ్మ దాకా షేర్ ఆటోలో వెళ్లి, అక్కడి నుంచి దుండిగల్ వైపు కొత్త కాలనీలో ఒక ఇంట్లో చంటిపాపకు ఫోటోలు తీశాను. వాళ్లది గోదావరి వైపు. ఆ ఇంటి అక్క ఎంతో మర్యాదగా, “ఎంతివ్వమంటారండీ? మొహమాటపడకండి” అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ నేను అదే జవాబు చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు నా ఒళ్లో పూతరేకుల డబ్బా ఉంది. పూతరేకులు చాలా బాగున్నాయి. ఆటో ఛార్జీ మాత్రం నాదే.

ఆ వేసవిలో అమ్మకు ఓపిక తీరిపోయింది. మా వీధి చివరి ప్రైవేటు బడిలో లెక్కల టీచరు పోస్టు ఖాళీ అయింది. బడి పెద్దాయన మా సంఘానికి వచ్చేవాడే. సోమవారంలోగా ఏదో ఒక మాట చెప్పమన్నాడు.

“సోమారం దాక సూస్త” అంది అమ్మ. “ఆ లోపట ఒక్కరన్న పైసలిచ్చి నీతోని ఫోటోలు తీపిచ్చుకుంటమంటే నీ ఇష్టం. లేకుంటే కెమెరా బీర్వల వెట్టి సుద్దముక్క వట్టుకో. ఇగ ఈ ఇంట్ల ఇంకో గడియారం వెట్టనీకి గోడ లేదు.”

న్యాయమైన మాటే. నాకు లెక్కలంటే అసహ్యమేమీ లేదు. కానీ కెమెరాను బీరువాలో ఊహించుకోవడం నా వల్ల కాలేదు. శుక్రవారం ఉదయం ప్రార్థనలో అదే అడిగాను: ప్రభువా, ఒక్క పని. డబ్బిచ్చే పని, ఒక్కటి.

ఆ రోజు మధ్యాహ్నమే ఫోను వచ్చింది. శామీర్‌పేట నుంచి ఒకావిడ. కాన్పుకు పుట్టింటికి వచ్చింది. దుండిగల్ అక్కా ఆమే ఒకే ఆఫీసులో పని చేస్తారట, పాప ఫోటోలు చూసిందట. “ఆదివారం నా బిడ్డకు ఇరవై ఒకటో రోజు, తొట్టెల ఫంక్షన్. సాయంత్రం నాలుగింటికి. లోపల రూంల తీయాలె, గందుకే ఆడపిల్ల అయితే మంచిగుంటదని. రేటు మాత్రం మా డాడీతోని మాట్లాడుకో.”

నాలుగింటికి అంటే, అప్పటికి ఆరాధన అయిపోతుంది. స్తోత్రం చెప్పుకుని, మంచి చీర కట్టుకుని, బస్సెక్కాను.

వాళ్ల నాన్నను ఊళ్లో అందరూ పటేల్ అనే పిలుస్తారు. తాతల నాటి పొలాల్లో కొన్ని వెంచర్లయ్యాయి, కొన్ని ఇంకా పొలాలుగానే ఉన్నాయి. మూడంతస్తుల ఇల్లు. ముందు వసారాలో ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల్లో నలుగురైదుగురు తెల్లచొక్కాలు, మధ్యలో బల్ల మీద లేఅవుటు మ్యాపు, మ్యాపు ఎగిరిపోకుండా నాలుగు మూలలా చాయ్ గ్లాసులు. గడప పక్కన నేల మీద పటేల్ తల్లి కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఎనభై దాటి ఉంటాయి. నన్ను పైనుంచి కిందికి చూసి, మళ్లీ చింతపండు మీద పడింది.

“నువ్వేనా ఫోటోల పిల్ల? కూసో బిడ్డా. అరేయ్, ఒక చాయ్ దేపో” అన్నాడు పటేల్. మంచి మనిషే. చాయ్ వచ్చింది. మేడ్చల్ నుంచి ఎలా వచ్చానో, మా నాయిన ఎవరో అడిగాడు. తర్వాత కాలు మీద కాలు వేసుకుని, “సరే, ఎంత దీసుకుంటవ్?” అన్నాడు.

నేను కళ్లు మూసుకున్నాను. ఏ పెద్ద మాటకు ముందైనా ఒక్క క్షణం కళ్లు మూసుకుని ప్రార్థించడం నాకు చిన్నప్పటి అలవాటు.

“ఏందే, కండ్లు మూసి లెక్క గడుతున్నవా?” అన్నాడు పటేల్. తెల్లచొక్కాలు నవ్వాయి.

కళ్లు తెరిచి అన్నాను: “మీకు తోచింది ఇవ్వండి సార్.”

పటేల్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “నాకు తోచిందా?” అని, అటు తిరిగి, “ఇన్నరా? నాకు తోచింది ఇయ్యమంటాంది” అన్నాడు.

“పైలం పటేలా” అన్నాడు ఒకాయన. “గట్లన్న పార్టీయే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాడ లొల్లి వెడ్తది.”

“ముప్పై ఏండ్ల సంది భూములు కొంటున్న, అమ్ముతున్న” అన్నాడు పటేల్ నాతో. “నీకు తోచింది ఇయ్యి అన్నోడు ఒక్కడన్న ఇచ్చిన పైసలతోని ఖుషీగ ఇంటికి వోయింది నేను సూడలే. ఇప్పుడు నాకు ఐదొందలు తోచింది. తీస్కుంటవా?”

నేను నోరు తెరిచేలోపే నా మొహమే అనేసింది.

“సూడుండ్రి, మొకం ఎట్లయిందో! అంటే లోపట ఒక అంకె ఉన్నది. దాన్ని దాసిపెట్టి నన్ను ఎతుకుమంటున్నవ్. రేటు లేకపోతే బేరం దేనితోని జెయ్యాలె, గాలితోనా? పో బిడ్డా, రేపు పొద్దుగాల రేటు దీస్కొని రా. పరేషాన్ గాకు. రాకపోతే మా బామ్మర్దికి ఎరికైన స్టూడియో ఉన్నది, ఆయన్ని పిలుస్త.”

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అవమానం కన్నా ఎక్కువగా ఆశ్చర్యపడ్డాను. ఆయన చెప్పింది నిజం. నా లోపల ఒక అంకె ఉంది. ఎంతో నాకూ తెలియదు, కానీ ఐదువందలు కాదని మాత్రం దానికి బాగా తెలుసు.

ఇంటికి వచ్చి చెప్పగానే అమ్మ, “ఇరవై వేలు అడుగు” అంది. “మూడంతస్తుల ఇల్లంటున్నవ్ గద!”

దుండిగల్ అక్కకు ఫోన్ చేశాను. “ఇక్కడ స్టూడియోలవాళ్లు పాతిక అంటారండీ, బతిమాలితే పద్దెనిమిదికి దిగుతారు” అంది. “మీరు ముప్పై చెప్పండి. తగ్గించాననే తృప్తి వాళ్లకుండాలి కదా. అన్నట్టు, నా ఫోటోలప్పుడు మీరు చెబితే నేను ఇచ్చేదాన్ని. ఆ రోజంతా నాకెంత ఇబ్బందిగా అనిపించిందో తెలుసా? ఏమివ్వాలో తెలీక మా అమ్మ పంపిన పూతరేకులు ఇచ్చేశాను. మా ఆయన వారం రోజులు సాధించాడు.”

నేను మర్యాద అనుకున్నది ఆవిడకు భారం అయింది. అది నాకు అప్పటిదాకా తట్టనేలేదు.

నాయిన అంతా విన్నాడు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“బిడ్డా, నేను జేసేది సేవ. దానికి రేటు లేదు. ఎందుకంటే నేనిచ్చేది నాది గాదు. ఒకలు ఏమియ్యకున్నా నా మనసుల మాట రాదు, అట్ల నేర్చుకున్న. నువ్వు జేసేది పని. నీకు మనసుల మాట వచ్చింది గద? ఐదొందలంటే మొకం మారింది గద?”

“మారింది.”

“మరి నోటితోని కానుక అని, మనసుల అంకె వెట్టుకుంటే అదేమైతది?”

జవాబు నాకు తెలుసు. అబద్ధమవుతుంది. ఇన్నేళ్లూ దాన్ని వినయం అనుకుంటూ వచ్చాను.

నాయిన అంతటితో ఆపలేదు. కాపరి కదా, వాక్యం లేకుండా ఏ మాటా ముగించడు. మా విశ్వాసపు పితరుల్లో ఒకాయన, భార్య చనిపోతే సమాధి కోసం పరాయి దేశంలో పొలం అడిగిన సంగతి చెప్పాడు. పొలం యజమాని ఊరికే తీసుకొమ్మంటాడు. పితరుడు ఒప్పుకోడు, నిండు వెల చెప్పమంటాడు. అందరి ముందూ వెండి తూచి ఇస్తాడు. “ఊరికే అన్నంక గూడ రేటు అడిగిండు సూడు, పెద్దమనిషి. రేటు జెప్పుడు పాపమైతే, లేఖనంల అంత వివరంగ ఎందుకు రాస్తరు? పో, మేస్త్రీ పెద్దనాయినను అడుగు. పనికి వెల గట్టుడు ఆయనకు ఎరికైనంత నాకు ఎరికలేదు.”

మేస్త్రీ పెద్దనాయిన మా సంఘపు పెద్ద. ఆ సాయంత్రం కొత్త కాలనీలో ప్రహరీ గోడ కడుతున్నాడు. నేను సంగతి చెప్పగానే తాపీ పక్కన పెట్టి, ఒక ఇటుక తీసుకుని ఒళ్లో పెట్టుకుని, చెవి మీదున్న పెన్సిల్ తీశాడు.

“ఫంక్షన్ ఎన్ని దినాలు?”

“ఒక్కరోజే పెద్దనాయినా.”

“తర్వాత?”

“ఫోటోలు ఏరాలె. వెలుతురు సరిచెయ్యాలె. ఆల్బమ్ పేజీలు వెట్టాలె. రెండు రోజులు.”

“అంటే మూడు దినాలు. ఒక్క దినమంటవేంది? ఇటుకలు పేర్చినంక గోడకు నీళ్లు గొట్టుడు పని గాదా?” అని ఇటుక మీద గీత గీశాడు. “నా కూలి దినానికి పన్నెండొందలు. నీది గూడ గంతే వెట్టు. నాకంటె ఎక్కువెందుకు, నాకంటె తక్కువెందుకు? మూడు దినాలకు మూడువేల ఆర్నూరు. పనిముట్లు?”

“కెమెరా ఉంది. చిన్న రూంల తీసే లెన్సు సికింద్రాబాద్‌ల కిరాయికి తేవాలె. పన్నెండొందలు.”

“రాసిన. ఆల్బమ్?”

“ఇరవై ఎనిమిది వందలు.”

“బస్సు, ఆటో అన్ని కలిపి రెండొందలు అనుకో. కెమెరా అరుగుడు?”

“అరుగుడేంది పెద్దనాయినా?”

“నా తాపీలు ఏడాదికి రెండు అరుగుతయి. కొత్తదానికి పైసలు ఎవలిస్తరు, మా అత్తగారా?” అని, నన్నడక్కుండానే ఐదువందలు వేశాడు. కూడాడు. ఎనిమిది వేల మూడువందలు.

అంకెను చూసి నేను, “వాళ్లది చాలా పెద్దిల్లు” అన్నాను. అమ్మ గొంతు నాలో ఇంకా మాట్లాడుతోంది మరి.

పెద్దనాయిన పెన్సిల్ మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు. “పటేల్ ఇంటి గోడకు, మీ నాయిన ఇంటి గోడకు నాది ఒక్కటే కూలి. ఇల్లు పెద్దగైతే దినాలు ఎక్కువైతయి బిడ్డా, కూలి ఎక్కువ గాదు.”

ఆ ఇటుకను ఫోనుతో ఫోటో తీసుకున్నాను. ఇటుక మాత్రం ఆయన గోడలో పెట్టేశాడు. నా మొదటి రేటు ఇప్పటికీ ఆ కాలనీ ప్రహరీలో, కింది నుంచి ఆరో వరసలో ఉంది.

రాత్రి భోజనాల దగ్గర అమ్మ ఆ ఫోటో చూసి పెదవి విరిచింది. “సరే. దానిమీద రెండు వేలు ఎక్కువ జెప్పు. పటేల్ తగ్గిచ్చుకుంటడు. తగ్గిచ్చుకోకుంటే ఆయనకు అన్నం అరుగది.”

అమ్మ చెప్పింది లోకజ్ఞానమే. కానీ చిన్నప్పటి నుంచి చాప మీద కూర్చుని నేర్చుకున్నదొకటుంది: ఔననేది ఔనులాగే ఉండాలి, కాదనేది కాదులాగే. తగ్గించడం కోసం పెంచిన రెండు వేలు ఏ కోవలోకి వస్తాయో ఎంత ఆలోచించినా తేలలేదు. ఉన్నంతే చెబుదామనుకుని పడుకున్నాను.

శనివారం పొద్దున్నే మళ్లీ శామీర్‌పేట. దారి పొడుగునా బస్సులో గొణుక్కుంటూ సాధన చేశాను. ఎనిమిది వేల మూడువందలు సార్. ఎనిమిది వేల మూడువందలు. పక్క సీటామె జాలిగా చూసి కొంచెం జరిగి కూర్చుంది.

వసారాలో ఆ రోజు తెల్లచొక్కాలు ఇంకో రెండు ఎక్కువే ఉన్నాయి. ఎలక్షన్ల మాటలు నడుస్తున్నాయి. నన్ను చూడగానే ఆగిపోయాయి.

“ఆఁ, రా బిడ్డా. రేటు దెచ్చినవా?”

“తెచ్చిన సార్.”

“జెప్పు మరి.”

నోరు తెరిచాను. అంకె రాలేదు. ఇంటి నుంచి ఇంత దూరం నాతో వచ్చిన అంకె పెదాల దగ్గరికి వచ్చి, మా నాయిన చెవుల్లా ఎర్రబడి, వెనక్కి వెళ్లిపోయింది. “ఎని...” అన్నాను. అందరూ ఎదురుచూస్తున్నారు. ఇరవై ఆరేళ్ల అలవాటు గొంతు మీద చెయ్యి వేసి కూర్చుంది. నాలుక చివర తయారుగా ఉన్నది ఒకే మాట, ‘మీకు తోచింది’. అది అంటే ఇక అంతే. బీరువా, సుద్దముక్క.

“ఇంకోమాటు కండ్లు మూసుకోరాదు పిల్లా!” అన్నాడొకాయన. పెద్ద నవ్వు.

“ఏందిరా ఇకఇకలు?” గడప దగ్గర నుంచి గొంతు వచ్చింది. అవ్వ. ఆ రోజు కూడా చింతపండే. “ఇంతమంది మొగోళ్లు సుట్టూ కూసోని సూస్తుంటే ఆడివిల్ల నోరు ఎట్ల లేస్తది? ఓ పిల్లా, ఇటు రా. ఈ బేరం నేను జేస్త.”

“అమ్మా, నీకెందుకే...” అన్నాడు పటేల్.

“నువ్వు పుట్టకముందే బర్లబేరం జేసిన. నువ్వు నాకు జెప్తవురా?”

నేను వెళ్లి ఆమె పక్కన కింద కూర్చున్నాను. అవ్వ చేతులు తుడుచుకుని, నా కుడిచేయి అందుకుని, తన కొంగు కిందికి లాక్కుంది.

వెనకట అవ్వ, ఆమె పెనిమిటి బర్రెల అంగడికి వెళ్లేవాళ్లట. అంగట్లో ధర నోటితో చెప్పరు. పక్కనున్నవాడు వింటే బేరం చెడుతుందని, తువ్వాల కింద చేతులు కలిపి వేళ్లతో చెప్పుకుంటారు. పెనిమిటి తువ్వాల కింద చేస్తే అవ్వ కొంగు కింద చేసేదట. అది నా చెవిలో గబగబా చెప్పి, “ఏలు గట్టిగ వట్టుకుంటే ఎయ్యి. అరచేతిల తడితే వంద. ఐదు వేళ్లు ఒక్కమాటే వట్టుకుంటే ఐదువేలు. సమజైందా? ఇగ జెప్పు. ఎవ్వడు ఇనడు” అంది.

అవ్వ చెయ్యి చింతపండు జిగటగా, రాయిలా గట్టిగా ఉంది. నేను ఆమె ఐదు వేళ్లు కలిపి పట్టుకున్నాను. వదిలి, మూడు వేళ్లు పట్టుకున్నాను. తర్వాత అరచేతిలో మూడుసార్లు తట్టాను. నోటికి రానిది వేళ్లకు ఎంత సులువుగా వచ్చిందో! రోజూ బటన్ నొక్కేవి అవే కదా. పని వాటిదే, పని విలువ వాటికి తెలిసినట్టుంది.

అవ్వ “ఓహో!” అంది పైకి. తెల్లచొక్కాలు మెడలు చాచాయి.

కొంగు కింద అవ్వ నా వేళ్లు పట్టుకుంది: ఆరు.

నేను మళ్లీ అదే పట్టుకున్నాను. ఐదు, మూడు, మూడు తట్లు.

ఏడు, అంది అవ్వ చెయ్యి. నేను మళ్లీ అదే. ఈసారి ఆమె ఏడు పట్టుకుని, కొంచెం ఆగి, ఐదుసార్లు తట్టింది. నా కళ్లలోకే చూస్తోంది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో ఏడున్నరకు ఒప్పుకోవాలనిపించింది. ఎనిమిది వందలే కదా తేడా, పని దక్కుతుంది, అమ్మ ముందు గెలుస్తాను. కానీ ఆ ఎనిమిది వందలు ఎక్కడి నుంచి తీయాలి? నా కూలి లోంచా, కెమెరా అరుగుడు లోంచా? ఇటుక మీద ఖాళీ జాగా లేదు. నా వేళ్లు మళ్లీ ఐదు పట్టుకున్నాయి, మూడు పట్టుకున్నాయి, మూడుసార్లు తట్టాయి.

“ఏందే తగ్గవు?” అంది అవ్వ పైకే.

“తగ్గేటట్టు చెప్పలేదవ్వా. ఉన్నంతే చెప్పిన.”

అవ్వ కొంగు తీసేసింది. “అరేయ్, మూడుమాట్లు గుంజిన. ఎంట్రుకంత గూడ జరుగలే. రేటంటే గిది!”

“ఎంతనే?” అన్నాడు పటేల్.

“బేరం నాది. పైసలిచ్చుడు నీది. నడుమ నీకెందుకు?” అని, వసారా అంతా నవ్వుతుంటే, కొడుకును వంగమని చెవిలో చెప్పింది.

పటేల్ నా వైపు తిరిగాడు. “గింతేనా? గీ ముచ్చట నిన్ననే జెప్తే నిన్ననే అయిపోవు గదనే! నేను పదిహేను అనుకుంటి.”

పదిహేను. అబద్ధమాడను, ఆ మాట కొంచెం గుచ్చుకుంది. సాయంత్రం అమ్మకు చెప్పినప్పుడు ఆమెకు ఇంకా లోతుగా గుచ్చుకుంది. రెండు రోజులపాటు అన్నం వడ్డిస్తూ కూడా “పదిహేను” అంటూనే ఉంది. కానీ ఇటుక మీద పదిహేను లేదు.

పటేల్ జేబులోంచి రెండు వేలు తీసి బయానాగా నా చేతిలో పెట్టాడు. కవరు లేదు. మీద రాత లేదు. అందరూ చూస్తుండగానే. డబ్బును అలా పట్టపగలు, వట్టి చేత్తో అందుకోవడం నాకదే మొదలు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కాసేపు వేడి ఇడ్లీ పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాను.

ఆదివారం ఆరాధన కాగానే లెన్సుతో వెళ్లాను. ముందు అన్నం తిన్నాకే కెమెరా తీయాలని అవ్వ హుకుం. గదిలో పూలు చుట్టిన తొట్టెల, చుట్టూ పాడుతున్న ఆడవాళ్లు. వాళ్ల పూజలు వాళ్లవి, నేను కిటికీ పక్కన నిలబడి నా దేవుణ్ణి ఆ బిడ్డ కోసం అడగాల్సింది మనసులో అడిగాను. పడమటి కిటికీలోంచి సాయంత్రపు వెలుతురు సరిగ్గా తొట్టెల మీద పడింది. బిడ్డ అంత సందడిలోనూ పడుకునే ఉంది. అవ్వ వంగి తొట్టెలలో చెయ్యి పెట్టగానే, నిద్రలోనే ఆ వేలు పట్టుకుంది, గట్టిగా. అంగడి లెక్కలో వెయ్యి. నేను బటన్ నొక్కాను. ఆ ఆల్బమ్‌కు మొదటి పేజీ అదే అయింది.

బయటికి వచ్చేసరికి పటేల్ తెల్లచొక్కాలతో వరసగా నిలబడి ఉన్నాడు. “బిడ్డా, ఫ్లెక్సీకి ఒక మంచి ఫోటో గుంజు. నమస్కారం వెడుతున్నట్టు. ఎనుక జర చెరువు గూడ కనవడేటట్టు జెయ్యి.”

ఆ ఇంటి నుంచి చెరువు కనబడదు. దాన్ని తెచ్చి వెనక పెట్టడం నా వల్ల కాదని చెప్పాను. తర్వాత, నాకు తెలియకుండానే, కళ్లు తెరిచే ఉండగా, ఇంకో మాట వచ్చేసింది.

“ఫ్లెక్సీ ఫోటో వేరే పని సార్. ఐదువందలు.”

పటేల్ ఇంట్లోకి తిరిగి కేకేశాడు: “అమ్మా! ఈ పిల్లకు నోరొచ్చిందే!”

“రానీ” అంది అవ్వ లోపల నుంచి. “ఇయ్యి.”

సోమవారం నేనే బడికి వెళ్లి, రాలేనని చెప్పి వచ్చాను. అమ్మ నాతో పెద్దగా మాట్లాడలేదు కానీ, బీరువాలో కెమెరా కోసం ఖాళీ చేసిన అరలో మళ్లీ దుప్పట్లు సర్దింది. ఆ తర్వాతి ఆదివారం నేను ఒక కవరు కొన్నాను. నా కూలిలో పదోవంతు అందులో పెట్టి, పైన ‘ప్రేమ కానుక’ అని రాసి, నాయిన బల్ల మీద గ్రంథం కింద దోపాను. మొదటిసారి ఆ మాట దాని చోట ఉన్నట్టనిపించింది. నేను చాప మీద కూర్చునేదాకా నాయిన ఆ కవరు వైపు చూడలేదు. మా పద్ధతి పద్ధతే.

ఆ తర్వాత సంఘంలో ఒక అక్క, కూతురి పెళ్లి ఫోటోలకు ఎంతవుతుందని అడిగింది. చెప్పాను. చెవులు ఎర్రబడ్డాయనుకుంటాను, అయినా చెప్పాను. ఆమె కొంచెం ఆలోచించి, “ఆల్బమ్ చిన్నది వెడితే ఎంతైతది?” అంది. ఇద్దరం చాప మీద కూర్చుని లెక్క వేసుకున్నాం. ఆమె మొహంలో ఇబ్బంది లేదు. ఫోటోలు తీశాక నాకు ఏ గడియారం కొనివ్వాలా అని ఆమె వెతుక్కోనక్కర్లేదు.

ఇంతదాకా చదివిన మీరు ఇప్పుడు ఒక్క నిమిషం నాతో కలిసి కళ్లు మూసుకోండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి, నాకది అలవాటే. చేతినిండా పని తెలిసీ ‘ఎంత?’ అనే ప్రశ్న ముందు నోరు పెగలనివాళ్లు ఈ మేడ్చల్‌లో, శామీర్‌పేటలో, మీ ఊళ్లో ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు నిజమైన అంకె దొరకాలని, దాన్ని పెంచకుండా దాచకుండా చెప్పే ధైర్యం రావాలని అడగండి. ఎంతని అడిగినవాళ్లకు సంతోషంగా ఇచ్చే మనసు కూడా అడగండి. మేస్త్రీ పెద్దనాయిన నడుము నొప్పి కోసం అడగండి. అవ్వ చేతికి ఇంకా చాలా ఏళ్ల బలం అడగండి. తండ్రీ, వెలుతురు నీది, వేళ్లు నువ్విచ్చినవి, వాటితో మేం చేసే పనిని నీ ముందూ మనుషుల ముందూ ఒకే వెలకు నిలబెట్టు అని నేను అంటాను. నాతో పాటు మీరూ అనండి.